వాయిదాకు తోడు: రాయలసీమ విశ్వవిద్యాలయ ఉపకులపతిగారికి బహిరంగ లేఖ

ఎమ్మిగనూరు

మహారాజశ్రీ ఉపకులపతిగారి సముఖమునకు,

ఆర్యా,

మన రాష్ట్రమునందు 2020-21 విద్యాసంవత్సరము మొదలుకొని డిగ్రీ విద్యార్థులకు మొత్తము పది నెలల ఇంటర్న్‌షిప్పు విధిగా నేర్పడినదనియు, మొదటి సంవత్సరపు పిమ్మట సమాజసేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరపు పిమ్మట స్వల్పకాలపు పని, కడపట నొక సెమిస్టరు నిండుగా పని యను క్రమమున నది నియమింపబడినదనియు తమకు నేను విన్నవింప నక్కరలేదు. పుస్తకములోని చదువు లోకవ్యవహారముతో ముడిపడవలెనన్న యా సంకల్పమును మనఃపూర్వకముగా మెచ్చుకొనువారిలో నే నొకడను. కాని కర్మాగారములును కంపెనీలును గల మహానగరములలో సుకరమైన యీ నియమము, మగ్గముల మీదను పత్తి మీదను బ్రతుకు ఎమ్మిగనూరు, ఆదోని పట్టణములకు వచ్చునప్పటికి దుష్కరమగుచున్నది. ఎచ్చటనో యొకచోట చేరి, దినచర్య పుస్తకము నింపి, ధ్రువపత్రము చేత బట్టుకొని వచ్చుటతోనే యా పది నెలలును వ్యర్థముగా గడచిపోవు ప్రమాదము మా పిల్లలకు కలదు. ఏ కంపెనీయు నేర్పజాలని విద్యను నేర్పగల పని యొకటి మా పట్టణములలోనే చేయువారు లేక పడియున్నదని తమకు మనవి చేయుటకై యీ లేఖ వ్రాయుచున్నాను. అది, నేరములకు గుఱియై మనసు చెదరినవారికి తోడుగా నిలుచు పని.

నేరము జరిగిన పిమ్మట నిందితుని విషయమున రాజ్యము చేయవలసినదంతయు క్రమబద్ధముగా చేయుచున్నది. అతనికి వకీలును పెట్టుకొను శక్తి లేకున్న ప్రభుత్వ వ్యయముతో వకీలును నియమించును. అతనికి బెయిలు ఎప్పుడు, విడుదల ఎప్పుడు అని విచారించుటకు మనుషులుందురు. ఇది న్యాయమే, దీనిని తగ్గింపుమని నేను కోరను. కాని నేరమున దెబ్బతిన్న మనిషి యా వ్యాజ్యములో కేవలము సాక్షి. పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదించునది రాజ్యము పక్షమున. ఆ దెబ్బతిన్న మనిషి పక్షమున తేదీ చెప్పుటకు గాని, త్రోవ చూపుటకు గాని, వరండాలో ప్రక్కన కూర్చుండుటకు గాని నియమింపబడినవా రెవ్వరును సాధారణముగా నుండరు.

కౌతాళము మండలములోని యొక పల్లెలో కూలి చేసికొని బ్రతుకు తల్లి కూతురు దౌర్జన్యమునకు గుఱియైనదనుకొందము. తల్లి మొదట పోలీసు స్టేషనుకు పోవలెను. అచ్చట నుండి వైద్యపరీక్షకై ఆసుపత్రికి, పిమ్మట వాఙ్మూలమునకై మేజిస్ట్రేటు కడకు, సలహాయో తాత్కాలికాశ్రయమో కావలసివచ్చిన కర్నూలులోని వన్ స్టాప్ సెంటరుకు, పరిహారమునకై అదే కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, తుదకు విచారణకై న్యాయస్థానమునకు. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు; పల్లె నుండి ఆదోని చేరుట వేఱు. 2025 ఆగస్టు 15వ తేదీ నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ మేర్పడుట వలన టికెట్టు సొమ్ము మిగిలినదేమో గాని, ఆనాడు పోయిన కూలి తిరిగి రాదు. అంత దూరము పోయి, మధ్యాహ్నము వఱకు నిలుచుండి, వాయిదా పడినదన్న మాట విని తిరిగివచ్చిన స్త్రీ రెండవసారి పోవుటకు తటపటాయించినచో, ఆ లోపము ఆమెది కాదు.

చట్టము లేదందమా, కలదు. ఒకటి కాదు, పెక్కు కలవు. 2009లో నేరవిచారణ స్మృతికి సవరణగా వచ్చిన 357-ఎ ప్రకరణమును, నేడు దాని స్థానమున నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 396వ ప్రకరణమును బాధితుల పరిహారమును రాజ్యబాధ్యతగా నిర్ణయించి, న్యాయసేవాధికార సంస్థ రెండు నెలలలో విచారణ ముగింపవలెనని గడువు విధించినవి. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో స్త్రీలకై రూపొందించిన పథకము అత్యాచారమునకు 4 లక్షల నుండి 7 లక్షల రూపాయల వఱకు పరిహారము నిర్దేశించినది. అత్యాచారమునకును ఆమ్లదాడికిని గుఱియైనవారికి ప్రభుత్వాసుపత్రియే కాదు, ప్రయివేటు ఆసుపత్రియు ఉచితముగా చికిత్స చేయవలెను. దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో పోలీసులు 90 దినములలో బాధితులకు తెలుపవలెను. షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టమునకు 2016 జనవరిలో అమలునకు వచ్చిన సవరణ, బాధితులకును సాక్షులకును దారిఖర్చులు, పోషణవ్యయము ఇయ్యవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. బాలలను లైంగిక నేరముల నుండి కాపాడుటకై వచ్చిన 2012 నాటి పోక్సో చట్టమైతే, బిడ్డ వాఙ్మూలమును పోలీసు అధికారి యూనిఫారము ధరింపకుండ తీసికొనవలెననియు, సాక్ష్యమిచ్చునపుడు బిడ్డ నమ్మిన మనిషి దగ్గఱ నుండవచ్చుననియు, బిడ్డను మాటిమాటికి కోర్టునకు రప్పింపరాదనియు, భాష తెలియనపుడు దుబాసీని పెట్టవలెననియు విధించినది; 2020 నాటి నియమములు సహాయక వ్యక్తిని నియమించు పద్ధతిని చెప్పగా, 2023లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నియామకము ఉపేక్షింపదగినది కాదని రాష్ట్రముల కాదేశించినది.

అయినను ఈ హక్కులలో నేదియు దానంతట నది పల్లెలోని గడప యొద్దకు నడచిరాదు. ప్రతి హక్కునకు నొక దరఖాస్తు; దరఖాస్తునకు జతగా ఎఫ్ఐఆర్ ప్రతి, వైద్యుని ధ్రువపత్రము, ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకము; ఆ పుస్తకములో పేరొక విధముగను ఆధారులో నింకొక విధముగను ఉన్నచో దానిని సరిచేయించుట కింకొక దరఖాస్తు. చదువు రాని తల్లికి ఇది యంతయు నొక అరణ్యము.

దీనికి తోడు మా పడమటి ప్రాంతమునకే చెందిన కష్టము లింకను రెండు కలవు. మొదటిది వలస. వానలు తప్పిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, మంత్రాలయము మండలములలో కుటుంబములకు కుటుంబములే యింటికి తాళము వేసి, సుగ్గి యనబడు కోతల పనికని గుంటూరు ప్రాంతపు మిరప చేలకును, కట్టడపు పనులకని హైదరాబాదు, బెంగుళూరు నగరములకును తరలిపోవును. సమను తెచ్చిన కానిస్టేబులునకు తాళము కనబడును. సాక్షి రాలేదని వాయిదా పడును. మరల సమను, మరల తాళము, మరల వాయిదా. కడకు కేసు నీరుగారిపోగా, ఆ కుటుంబము బెదరినదని కొందఱును, డబ్బు తీసికొని రాజీపడినదని కొందఱును చెప్పుకొందురు. నిజమునకు ఆనాడు వారు ఎవరి చేలోనో మిరపకాయలు కోయుచుండిరి. రెండవది భాష. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడు వఱకును ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. నేటికిని ఈ సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ ప్రక్కప్రక్క వాకిళ్లలో వినబడును. దుఃఖములో నున్న మనిషికి తాను పుట్టి పెరిగిన భాషలోనే మాట దొరకుట కష్టము. ఇక స్టేషనులో, ఆసుపత్రిలో, కోర్టులో పరభాషలో చెప్పుకొనవలసిన వారి యవస్థ వర్ణనాతీతము.

ఆ మూడు భాషలును తెలిసి, దరఖాస్తు నింపగలిగి, సెల్‌ఫోనులో తేదీలు గుర్తుంచుకొనగలిగి, బస్సుల వేళలు నోటికి వచ్చి, రోజునకు నాలుగు గంటలు కేటాయింపగల యువతీయువకులు తమ యనుబంధ కళాశాలలలో కూర్చుండియున్నారు. ఆ కష్టములో నున్నవారిని ఈ యువతీయువకులతో కలుపుడని నా ప్రార్థన.

విద్యార్థి చేయదగిన పని యేమనిన, నా యుద్దేశము సవివరముగా చెప్పుచున్నాను. వాయిదా తేదీలను పట్టికగా వ్రాసియుంచుట. ముందునాడు బాధితురాలికి ఫోను చేసి గుర్తుచేయుట. బస్టాండులో కలిసికొని కోర్టు వఱకు వెంట నడచుట. నిందితుని బంధువులు గుంపుగూడి నిలుచు వరండాలో ఆమెను ఒంటరిగా విడువకుండుట. న్యాయాధికారి యెచ్చట కూర్చుండునో, సాక్షి యెచ్చట నిలువవలెనో, అనుమతి తీసికొని ముందుగానే ఖాళీ హాలును చూపుట. పరిహారపు దరఖాస్తు నింపి, చదివి వినిపించి, జతపఱుపవలసిన నకళ్లు తీయించి, రశీదు సంఖ్యను ఆమె చేతికిచ్చి తామును వ్రాసికొనుట. ఆ దరఖాస్తు ఎచ్చట నిలిచినదో నెలకొకసారి మర్యాదగా విచారించుట. సుగ్గికి పోవు కుటుంబము ఏ మేస్త్రి వెంట ఏ యూరికి పోవుచున్నదో, ఏ నంబరునకు ఫోను చేసిన పలుకునో వారి సమ్మతితో తెలిసికొని, వాయిదా సమయమునకు కబురు చేర్చుట. రాత్రివేళ భయము కలిగిన 112, స్త్రీలకు 181, బాలలకు 1098, మనోవ్యథకు 14416, న్యాయసలహాకు 15100 అను నంబరులు కలవని చెప్పి, ఆ ఫోనులో పేరుతో నమోదు చేసి యిచ్చుట. వీనిలో నొక్కటియు ఘనకార్యము కాదు. కాని మగ్గము మీద తెగిన పోగును వెదకి ముడివేయువాడు బట్ట నేయకపోయినను, అతడు లేక బట్ట ముందునకు సాగదని మా ఊరిలో పసిపిల్లలకును తెలియును.

ఇక చేయరాని పనులు. ఇవి చేయదగిన పనులకంటె ముఖ్యము. మొట్టమొదటి నియమము, ఏమి జరిగినదని విద్యార్థి బాధితురాలిని అడుగనే అడుగరాదు. ఆమె తనంత తాను చెప్పబోయినను, వినయముగా ఆపి, ఆ మాట వినుటకు తగిన శిక్షణ గల సలహాదారు కడకు తీసికొనిపోవలెను. ఇది నిర్దయ కాదు. తీవ్రమైన యాఘాతము తగిలిన మనసులో జ్ఞాపకము వరుసగా నుండకపోవచ్చును, ముక్కలుముక్కలుగా నుండవచ్చును, చెప్పిన ప్రతిసారియు నొక ముక్క ముందునకు, నొకటి వెనుకకు జరుగవచ్చును. పోలీసుకు, వైద్యునికి, మేజిస్ట్రేటుకు చెప్పవలసినది చాలక, ఓదార్పున కని వచ్చిన ప్రతివారికిని చెప్పించుట ఆమెను మరల మరల ఆ దినమునకే ఈడ్చుకొనిపోవుట. అంతే కాదు, సాక్షికి సాక్ష్యమును నేర్పినారని ప్రతిపక్ష న్యాయవాది అనుటకు సందిచ్చిన, సాయపడబోయి ఆమె వ్యాజ్యమునే చెఱిచినవార మగుదుము. కనుక సాక్ష్యమును గూర్చి ఒక్క మాటయు మాటలాడకుండ సాక్షికి తోడుండుట ఈ విద్యలోని మొదటి పాఠము.

రెండవ నియమము గోప్యత. అత్యాచార బాధితురాలి పేరును బయటపెట్టుట భారతీయ న్యాయసంహిత 72వ ప్రకరణము క్రింద రెండేండ్ల వఱకు కారాగారశిక్షకు గుఱియగు నేరము. పోక్సో చట్టపు 23వ ప్రకరణమును బాలల విషయమున నట్టి నిషేధమునే విధించినది. వీధిపేరు, బడిపేరు, తండ్రి వృత్తి చెప్పినను మా వంటి చిన్న ఊళ్లలో మనిషిని గుర్తుపట్టుట క్షణమాత్రపు పని. మూడవ నియమము, విద్యార్థి సలహాదారు కాడు, న్యాయవాది కాడు, పోక్సో నియమములు చెప్పిన సహాయక వ్యక్తియు కాడు. ఆ పదవులకు తగిన చదువును అనుభవమును వేఱుగా కావలెను. జీతమిచ్చి నియమింపవలసినవారిని నియమింపక, ఉచితముగా దొరకిన పిల్లలతో ఆ ఖాళీలను పూడ్చుకొనుటకు ఈ పథకము సాకు కారాదు.

ఇచ్చటనే విశ్వవిద్యాలయము స్వయముగా దిద్దవలసిన దొకటి కలదు. ఇంటర్న్‌షిప్పునకు మీరు కోరు సాక్ష్యమేమి? దినదినము చేసిన పని వ్రాయు పుస్తకము, వారవారము నివేదిక, తుదకు సంపుటముగా కట్టిన నివేదిక, దానిపై మౌఖిక పరీక్ష. వీనికి తోడు, నియమమున లేకున్నను ఆచారముగా మాఱిన ఛాయాచిత్రములు. సమాజసేవా ప్రాజెక్టు ఇంటింటికి పోయి ప్రశ్నావళి నింపించుటతోనే మొదలగుచున్నది. తక్కిన పనులకు తగిన యీ పరికరములు ఈ పనికి ప్రమాదకరములు. మార్కులకై నివేదికను నింపవలసిన విద్యార్థి కథను సేకరించును. కథను సేకరింపవలెనన్న అడుగును. అడిగినచో ఇంతవఱకు చెప్పిన నియమములన్నియు గాలికి పోవును. కావున ఈ పనికి వేఱు నమూనా కావలెను: ఎన్ని గంటలు, ఏ జాతి పని, ఏ కార్యాలయము, ఏ అడ్డంకి, దాని నెట్లు దాటితిమి అన్నంతవఱకే వ్రాయవలెను, వ్యక్తి పేరు, ఊరు, వయస్సు, నేరస్వభావము ఒక్క అక్షరమును ఉండరాదు, మౌఖిక పరీక్షలో అధ్యాపకుడు అడిగినను చెప్పకుండుటకు విద్యార్థికి హక్కుండవలెను, చెప్పకుండినందుకు మార్కులు తగ్గరాదు, నిజమునకు హెచ్చవలెను. మౌనమునకు మార్కులు వేయు పరీక్ష మన విశ్వవిద్యాలయములలో లేదు. ఉండవలసిన కాలము వచ్చినది.

ఇది కేవలము నా ఊహాపోహ కాదు. 1984లో టాటా సామాజిక శాస్త్రముల సంస్థ బొంబాయి పోలీసు వ్యవస్థ లోపలనే స్త్రీల, బాలల ప్రత్యేక విభాగమును నెలకొల్పి, శిక్షితులైన సమాజకార్యకర్తలను అచ్చట కూర్చుండబెట్టెను. ఒక విద్యాసంస్థ క్షేత్రకార్యముగా ఆరంభించిన యా పనిని పిమ్మట మహారాష్ట్ర ప్రభుత్వము తన పనిగా స్వీకరించినది. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున 1974లో కొందఱు స్వచ్ఛంద సేవకులు నేరబాధితుల యిండ్లకు పోయి పలుకరించుటతో మొదలైన యుద్యమము దేశవ్యాప్త సంస్థగా పెరిగినది. 1985 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ బాధితుల న్యాయమును గూర్చిన ప్రకటనను ఆమోదించి, వారిని కరుణతోను గౌరవముతోను చూడవలెనని దేశముల కన్నింటికి చెప్పినది. మన తెలుగునాట, 2016లో హైదరాబాదు పోలీసులు తెఱచిన భరోసా కేంద్రము, వైద్యము, వాఙ్మూలము, సలహా, న్యాయసాయము ఒక్క కప్పు క్రింద లభింపవచ్చునని చూపినది. మహానగరములకు సాధ్యమైనది మాకును యథాతథముగా కావలెనని నేను కోరను. మాకు తగినంతలో మొదలు పెట్టుమని కోరుచున్నాను.

ఆక్షేపణలు రాకపోవు. చిన్న ఊరిలో బాధితురాలు, నిందితుడు, విద్యార్థి ఒకే వీధివారో, ఒకే కులమువారో, ఒకే పార్టీవారో కావచ్చునందురు. నిజమే. దీనికి మా భూగోళమే ఉపాయము చెప్పుచున్నది. ఎమ్మిగనూరునకును ఆదోనికిని నడుమ సుమారు 30 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు విద్యార్థిని ఆదోనిలోను, ఆదోని విద్యార్థిని ఎమ్మిగనూరులోను నియమించి, కేసు చేపట్టుటకు ముందు ఉభయ పక్షములతో తన కే సంబంధమును లేదని వ్రాయించుకొనిన చాలును. ముఠాకక్షలు గల జిల్లాలో పిల్లలను ఇట్టి పనికి పంపవచ్చునా యని కొందఱడుగుదురు. కక్షలతో పేరుమోసిన కప్పట్రాళ్లను అప్పుడు జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన ఆకె రవికృష్ణగారు దత్తత తీసికొన్నపుడు, హత్యల పిమ్మట ఊరికి కావలసినది పోలీసు పికెట్టు మాత్రమే కాదని ఈ జిల్లాయే గ్రహించినది కదా! అయినను ముఠా హత్యల వ్యాజ్యములను ఈ పథకము నుండి మినహాయించుట వివేకము. అట్టి కుటుంబములలోని వితంతువులకు పింఛను, పిల్లలకు వసతిగృహ ప్రవేశము వంటి పనులలో, కోర్టు ఆవరణమునకు దూరముగా, సాయపడుటకు మాత్రము అభ్యంతర ముండదు.

విద్యార్థుల క్షేమము మఱువరాదు. వ్యథను దినదినము చూచువారి మనసు కూడ గాయపడును. నిద్ర చెడును, చిఱాకు పుట్టును, లోకముపై అపనమ్మకము కలుగును. కనుక ఇద్దఱిద్దఱుగానే పంపవలెను. పొద్దు క్రుంకిన పిమ్మట పని ఉండరాదు. బాధితుల యిండ్లకు పోరాదు, కోర్టునకు వెంట నడచు దినము తప్ప, కలిసికొనుట కార్యాలయములలోనే జరుగవలెను. స్వంత ఫోను నంబరు ఇయ్యక, ఈ పనికని వేఱుగా నుంచిన ఫోనునే వాడవలెను. వారమున కొకసారి శిక్షణ పొందిన సమాజకార్యకర్త యెదుట కూర్చుండి తమ మనసులోని భారమును చెప్పుకొనవలెను. చేతకాదని మధ్యలో విరమించుకొన్నవారికి మార్కుల నష్టము గాని మాట గాని రాకుండ వేఱు పని చూపవలెను. దారిఖర్చులు విద్యార్థి తలిదండ్రుల జేబు నుండి పోరాదు. వారిలో పెక్కుమంది మగ్గము మీద బ్రతుకువారే.

తమకు నా విన్నపము సంగ్రహముగా ఇది. ఈ పనిని స్వల్పకాలపు ఇంటర్న్‌షిప్పులో చేర్పక, సెమిస్టరు నిండుగా సాగు ఇంటర్న్‌షిప్పులోనే చేర్పుడు. నమ్మిన మనిషి రెండు నెలలకే మాయమగుట బాధితురాలికి మఱియొక దెబ్బ. కర్నూలు జిల్లా న్యాయసేవాధికార సంస్థతో ఒడంబడిక చేసికొని, ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల యొద్దనున్న మండల న్యాయసేవా సంఘములలో నొక్కొక్క బల్ల వేయింపుడు; 2009లో వచ్చిన పారాలీగల్ వాలంటీర్ల పథకము విద్యార్థులను గూడ స్వీకరించుచున్నది గనుక చట్టపు ఆధారమునకు వెదకుకొనవలసిన పని లేదు. పనిలో దింపుటకు ముందు రెండు వారములు శిక్షణ నిప్పింపుడు. పదిమంది విద్యార్థులకు జీతము గల సమాజకార్యకర్త యొక్కని నియమింపుడు. నివేదిక నమూనాను మార్పుడు. మొదటి యేడు ఊరికి ఆరుగురి చొప్పున పన్నెండుగురితో మాత్రమే ఆరంభించి, సంవత్సరాంతమున ఎంతమంది విద్యార్థులు పాల్గొనిరని గాక, ఎన్ని వాయిదాలకు సాక్షులు తోడుతో వచ్చిరి, ఎన్ని పరిహారపు దరఖాస్తులు నిర్ణయము వఱకు చేరినవి, సుగ్గికి పోయిన ఎన్ని కుటుంబములకు సకాలమున కబురు అందినది అని లెక్కింపుడు. ఆ లెక్కలు బాగున్నచో విస్తరింపుడు, బాగులేనిచో నిలుపుడు.

చిన్న ఊళ్లకు పెద్ద పనులు చేతకావని ఎవరైన నన్న, మగ్గముల కష్టకాలమున 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పి దేశమునకు మార్గము చూపిన ఊరు మాదని సవినయముగా గుర్తుచేయుదును. ఈ లేఖకు ప్రత్యుత్తరము నాకు వ్రాయ నక్కరలేదు. రాబోవు విద్యాసంవత్సరమున కళాశాలలకు తాము పంపు ఇంటర్న్‌షిప్పుల పట్టికలో ఈ పని పేరును చేర్చినచో అదియే నాకు ప్రత్యుత్తరము.

ఇట్లు,
విధేయుడు,
ఎమ్మిగనూరు పౌరుడొకడు